ఊదా రంగు తిరిగొచ్చిన గొట్టం

నిన్నటి గొట్టాల స్టాండును క్రిములు చంపే ఆవిరి యంత్రంలో పెట్టబోతూ సవాకో ఆగిపోయింది.

చివరి వరుసలోని ఒక గొట్టం ఊదా రంగులో ఉంది.

నిన్న సాయంత్రం అది పసుపు. ఆమె తన కళ్ళతో చూసింది. పసుపని నిర్ధారించి, భోజన కేంద్రానికి ఫోను చేసి, "ఏమీ లేదు, శుభ్రంగా ఉంది" అని చెప్పింది కూడా. ఇప్పుడు అదే గొట్టం, అదే చీటీ, కానీ అడుగు నుంచి పై దాకా పండిన వంకాయ రంగు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులో తిప్పి చూసింది. రంగు మారలేదు.

చీటీ మీద పేరు చదవాల్సిన అవసరం లేదు. అయినా చదివింది. హిరాయివా కినుయో.

బయట జూన్ వాన గోడల్ని తడుపుతోంది. జపాన్‌లో నీగతా తీరంలోని ఆ చిన్న రేవు పట్టణంలో పొద్దుటి బడి గంటలు అప్పుడే మోగాయి. పిల్లలందరికీ మధ్యాహ్న భోజనం ఒకే కేంద్రం నుంచి వెళుతుంది. ఈపాటికి అక్కడ పొయ్యిలు వెలిగి ఉంటాయి.

సవాకో పనిచేసే ల్యాబుకు వచ్చేవి ఎక్కువగా వంటవాళ్ళ మలం శాంపిళ్ళే. బడిపిల్లలకు వండేవాళ్ళు నెలనెలా పంపి తీరాలి. పంపనివాళ్ళను వంటగది గడప తొక్కనివ్వరు. శాంపిల్లోని క్రిముల్ని ప్లేటు మీద పెంచినప్పుడు మధ్యలో నల్లటి చుక్కతో బొట్టు లేస్తే ల్యాబులో అందరూ జాగ్రత్త పడతారు. అలా నల్లగా లేచేవి ముఖ్యంగా రెండు. ఒకటి సాల్మొనెల్లా, పిల్లల్ని ఆస్పత్రిపాలు చేసేది. రెండోది సిట్రోబాక్టర్, ఎంతోమంది పేగుల్లో ఎవరి జోలికీ పోకుండా బతికేది. చూడటానికి రెండూ కవలల్లా ఉంటాయి.

వాటిని విడదీసేది ఈ ఊదా జెల్లీ గొట్టం. రెండింటిలో ఏదైనా ముందు అందులోని చక్కెర తినేస్తుంది. అప్పుడు జెల్లీ పసుపవుతుంది. చక్కెర అయిపోయాక సాల్మొనెల్లా అందులోనే ఉన్న లైసిన్ అనే మరో పదార్థం మీద పడుతుంది. దాంతో ఊదా రంగు తిరిగొస్తుంది. సిట్రోబాక్టర్‌కు లైసిన్ పనికిరాదు కాబట్టి గొట్టం పసుపుగానే ఉండిపోతుంది. అందుకే రాత్రంతా వెచ్చని పెట్టెలో ఉంచి, తెల్లారాక చదవాలి. కొత్తగా చేరినవాళ్ళకు మొదట నేర్పేది అదే.

సవాకో నిన్న తెల్లారేదాకా ఆగలేదు. పసుపు కనబడగానే ప్రాణం లేచొచ్చింది. ఆ పేరు పక్కన పసుపు కావాలని ఆమె మధ్యాహ్నం నుంచీ కోరుకుంటూనే ఉంది.

దానికి కారణం ఏప్రిల్‌లో ఉంది.

బడులు తెరిచిన వారంలో కినుయో శాంపిల్లో ఇలాగే నల్ల చుక్క లేచింది. సవాకో సాల్మొనెల్లాను గుర్తించే సీరం ఒక చుక్క కలిపి చూసింది. ముద్ద కట్టింది. ముద్ద కడితే సాల్మొనెల్లా కావచ్చు. కావచ్చు అంతే, ఎందుకంటే సిట్రోబాక్టర్ కూడా ఒక్కోసారి అలా కడుతుంది. గొట్టం రంగు తేలకముందే ఆమె కేంద్రానికి ఫోను చేసి సాల్మొనెల్లా అనేసింది. తొందరగా చెప్పడమే మంచి పని అనుకుంది. మర్నాడు పొద్దున గొట్టం పసుపుగా, నిమ్మపండులా ఉంది. అప్పటికే కినుయోను వంటగది నుంచి పంపేశారు. ఊరంతా తెలిసింది.

ల్యాబు పెద్ద అకుత్సు ఆ పసుపు గొట్టాన్ని చూసి పెదవి విరిచాడు. "ఇప్పుడు తప్పయిందని చెబితే ఊళ్ళో ఎవరూ మనకి శాంపిళ్ళు పంపరు. మళ్ళీ పరీక్ష చేద్దాం. రాకపోతే తగ్గిపోయిందని చెబుదాం. తగ్గిందంటే ఆమెకీ సంతోషమేగా."

సవాకో తల ఊపింది. ఆ రోజు తల ఊపడం తప్ప ఇంకేమీ చెయ్యలేదు.

తగ్గిందని చెప్పాక కినుయో మళ్ళీ పనిలోకి వచ్చింది. కానీ సూపర్‌మార్కెట్ లైనులో ఆమె వెనక ఎప్పుడూ ఒక మనిషి పట్టేంత జాగా ఖాళీగా ఉండేది. ఆమె ముట్టుకున్న దుంపల్ని ఎవరూ తీసుకునేవాళ్ళు కారు. ఒకసారి సవాకో ఆ ఖాళీ చూసి, తన బుట్టను అక్కడే వదిలేసి బయటికి వచ్చేసింది.

చిన్నప్పుడు సవాకో బడిలో వడ్డించింది కినుయోనే. అప్పటి నుంచీ ఆమెను పిన్నీ అనే పిలిచేది.

*

"కూర్చో," అన్నాడు అకుత్సు. సవాకో కూర్చోలేదు. గొట్టాన్ని ఆయన బల్ల మీద నిలబెట్టింది.

ఆయన కళ్ళద్దాలు పైకి నెట్టి చూశాడు. "పాతబడ్డ గొట్టాలు రంగులు మారుస్తూనే ఉంటాయి."

"ఇది పాతబడలేదు సార్. ఇప్పుడే చదవాల్సిన వేళ. నిన్న చదివిందే తప్పు."

"ఎవరు చదివారు?"

"నేనే."

"ఇంకెవరు చూశారు?"

సవాకో గొట్టాన్ని తన వైపు లాక్కుంది. ఆ ప్రశ్న ఎటు పోతోందో ఆమెకు అర్థమైంది.

అకుత్సు గొంతు తగ్గించాడు. "చూడు, వాళ్ళు చేతులకి తొడుగులు వేసుకుంటారు. మూతికి గుడ్డ కట్టుకుంటారు. పిల్లలకంటే అరగంట ముందు హెడ్మాస్టరు తిని చూస్తాడు. వచ్చే పరీక్షలో చూసుకుందాం."

"హెడ్మాస్టరుకి అరగంటలో తెలిసేది ఉప్పు ఎక్కువైందా తక్కువైందా అని మాత్రమే. ఇది లోపల పనిచెయ్యడానికి కనీసం ఒక పూట పడుతుంది."

"సరే, వెళ్ళు. వెళ్ళి చెప్పు. నిన్నటిది ఎందుకు తప్పు చదివావని అడుగుతారు. మరి ఏప్రిల్‌లోనో అని అడుగుతారు. అదీ చెబుతావా?"

సవాకో గోడ మీది కొక్కెం నుంచి ల్యాబు కారు తాళం తీసుకుంది.

"సవాకో, నిన్నే."

ఆమె అప్పటికే మెట్లు దిగుతోంది.

కారు ఎక్కేముందు కేంద్రానికి ఫోను చేసింది. గుమాస్తా ఎత్తాడు. కేంద్రం పెద్ద ఇగరాషి గారు వంటగదిలో ఉన్నారు, లోపలికి ఫోన్లు తీసుకెళ్ళరు, అయ్యాక చెబుతాను అన్నాడు. "ఇవాళ వంట ఏమిటి?" అని అడిగింది. చేపల వేపుడు, మిసో సూపు, నువ్వుల పొడి కలిపిన పాలకూర.

"పాలకూర ఎవరు కలుపుతున్నారు?"

"అది కినుయో గారి చేతి వంటే కదండీ. ఆవిడ తిరిగొచ్చాకే పిల్లలు పాలకూర వదలకుండా తింటున్నారు."

వేపుడుకి నిప్పు ఉంది. సూపుకి మరుగు ఉంది. ఉడకబెట్టి చల్లార్చిన పాలకూరని మాత్రం చేత్తో కలిపి అలాగే డబ్బాల్లో సర్దుతారు. దాని తర్వాత ఇంక నిప్పు లేదు.

దారిలో రైలు గేటు పడింది. ఒక్క పెట్టె రైలు తాపీగా దాటింది. వైపర్లు అటూ ఇటూ ఊగుతుంటే సవాకో స్టీరింగు పట్టుకుని, నోట్లో మాటలు కూర్చుకుంది. సాల్మొనెల్లా వచ్చింది. నిన్న నేను పొరబడ్డాను. ఈ రెండు వాక్యాలూ నోటికి వచ్చాయి. మూడోది రాలేదు.

*

భోజన కేంద్రం వెనక వ్యాన్లు వరసగా, తలుపులు తెరిచి నిలబడి ఉన్నాయి. ఇంకా ఏదీ కదల్లేదు.

వంటగది తలుపు మీద చెయ్యి వేసి సవాకో ఆగిపోయింది. లోపలికి వెళ్ళాలంటే తెల్ల బట్టలు, కడిగిన బూట్లు, అన్నిటికన్నా ముందు తన సొంత మలం పరీక్ష ఫలితం ఉండాలి. ఊరందరి శాంపిళ్ళూ పరీక్షించే ఆమె తనది ఎప్పుడూ ఇవ్వలేదు. ఆ గడప దాటితే ఇవాళ్టి వంటంతా పారబోయాల్సిందే.

పరుగున పక్కకి వెళ్ళింది. పిల్లల్ని వంట చూపించడానికి తీసుకొచ్చినప్పుడు నిలబెట్టే పొడవాటి గాజు కిటికీ అక్కడుంది. ఏడేళ్ళ వయసులో ఆమె కూడా ముక్కు ఆనించి నిలబడింది.

లోపల అందరూ ఒకేలా ఉన్నారు, తెల్ల టోపీలు, కళ్ళు మాత్రమే కనిపించే ముసుగులు. కానీ మోచేతుల దాకా తొడుగులు వేసుకుని పెద్ద స్టీలు తొట్టి మీద వంగి ఉన్న మనిషి ఎవరో భుజాల్ని చూస్తేనే తెలిసిపోయింది. కినుయో పాలకూరని కింద నుంచి పైకి, నలగకుండా ఎత్తి తిప్పుతోంది. పక్కనే చిన్న డబ్బాలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి.

సవాకో గాజు మీద బాదింది. కినుయో తలెత్తింది. ముసుగు మీది కళ్ళు నవ్వాయి. తొడుగు వేసుకున్న చెయ్యి ఊపి, మళ్ళీ వంగింది.

ఇంకోసారి బాదింది. ఈసారి లోపల అందరూ తిరిగి చూశారు. సవాకో రెండు చేతులూ గుండెల ముందు అడ్డంగా పెట్టి పెద్ద ఇంటూ గుర్తు చూపించింది. తొట్టిని చూపించింది. మళ్ళీ ఇంటూ. కినుయోను చూపించడానికి వేలెత్తింది, కానీ సగంలోనే దించేసింది.

చూపించక్కర్లేకపోయింది. కినుయో చేతులు తొట్టిలో అలాగే ఆగిపోయాయి. కళ్ళలో నవ్వు మెల్లగా పోయింది.

ఇగరాషి ముసుగు లాక్కుంటూ బయటికి వచ్చింది. ఆవిడది మామూలుగానే పెద్ద గొంతు.

"ఏమిటమ్మా ఇది, గాజు పగలగొడతారా?"

"పాలకూర పంపకండి. కినుయో గారి శాంపిల్లో సాల్మొనెల్లా ఉంది."

"నిన్న సాయంత్రం శుభ్రంగా ఉందని ఫోను చేసింది మీరే కదూ?"

"నేనే. రాత్రంతా ఆగకుండా చదివాను. తప్పు చదివాను."

ఇగరాషి ఆమెను పైనుంచి కిందకి చూసింది. "ఏప్రిల్‌లో ఉందన్నారు. మే నెలలో పోయిందన్నారు. నిన్న లేదన్నారు. ఇవాళ ఉందంటున్నారు. అది పురుగా, బస్సా, ఎక్కి దిగడానికి?" అని వెనక్కి తిరిగి లోపలికి కేక వేసింది. "పాలకూర ఆపండి. తొట్టితో సహా పక్కన పెట్టండి. వ్యాన్లు చేపా సూపూ తీసుకుని కదలొచ్చు. కినుయో గారూ, తొడుగులు తీసేసి బయటికి రండి."

బూట్ల అరల దగ్గర ఉన్న బల్ల మీద కినుయో కూర్చుంది. టోపీ తీస్తే నెరిసిన జుట్టు తలకి అంటుకుపోయి ఉంది. ఇగరాషి బడులకి ఫోన్లు చెయ్యడానికి ఆఫీసులోకి వెళ్ళింది. వాన చూరు మీద పడుతోంది.

"పిన్నీ," అంది సవాకో.

"అది నాది కాదే సవా."

"ఏది?"

"ఆ శాంపిల్ పుల్ల. ఈసారి పంపింది మా ఆయనది."

సవాకోకి ముందు అర్థం కాలేదు. కినుయో చేతులు ఒళ్ళో పెట్టుకుని నేల చూస్తూ చెప్పింది. "ఏప్రిల్‌లో నాలో ఉందన్నారు. నొప్పి లేదు, జ్వరం లేదు, అయినా ఉందన్నారు. తర్వాత పోయిందన్నారు. ఎలా వచ్చిందో తెలియదు, ఎలా పోయిందో తెలియదు. అప్పట్నుంచి నా పొట్టంటే నాకే భయం. ఏం తిన్నా భయమే. మళ్ళీ వస్తే ఇంక బతకనివ్వరు. మా మనవరాలి బెంచీలో పక్కన కూర్చున్న పిల్ల బెంచీ మారింది, తెలుసా? అందుకని ఆయన్ని అడిగి తీసుకున్నా. ఎద్దులా ఉంటాడు, ఆయనకేం రోగం అనుకున్నా." టోపీని మడతపెట్టింది. "తాబేళ్ళని పెంచుతాడుగా. వంటింటి సింకులో కడగొద్దని పెళ్ళయిన నాటి నుంచీ మొత్తుకుంటున్నా. వింటేగా."

సాల్మొనెల్లా తాబేళ్ళ ఒంట్లో ఉంటుందని సవాకోకి వేరే చెప్పక్కర్లేదు. మామూలు రోజయితే ఇద్దరూ నవ్వేవాళ్ళు.

అబద్ధం పంపింది కినుయో. పంపేలా చేసింది ఎవరు?

కారులో రాని మూడో వాక్యం ఇప్పుడు వచ్చింది.

"పిన్నీ, ఏప్రిల్‌లో మీలో ఏమీ లేదు."

కినుయో తలెత్తింది.

"నేను ముందే చెప్పేశాను. మర్నాడు చూస్తే అది వేరేది, ఎవరికీ ఏమీ చెయ్యనిది. చాలామందిలో ఉండేదే."

"మర్నాడే తెలుసా నీకు?"

"తెలుసు."

"మర్నాడు," అని మళ్ళీ అంది కినుయో, ఆ మాట బరువెంతో చూస్తున్నట్టు. "సూపర్‌మార్కెట్లో బుట్ట వదిలేసి పారిపోయావే, అప్పటికీ తెలుసా?"

"తెలుసు."

తిడుతుందని సవాకో ఎదురు చూసింది. తిడితే బాగుండేది.

"చిన్నప్పుడు నువ్వు పాలు తాగేదానివి కాదు," అంది చివరికి. "తాగేదాకా బయటికి పంపనని టీచరు కూర్చోబెడితే, నేను కిటికీలోంచి నీ గ్లాసు తీసుకుని పారబోసేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. నీకు మంచి చేస్తున్నాననుకున్నా."

"మీ ఆయన సంగతి నేను చెప్పను," అంది సవాకో. "ల్యాబులో శాంపిళ్ళు తారుమారయ్యాయని చెబుతాను. అదీ నా మీదే వేసుకుంటాను."

"వేసుకుని ఏం చేస్తావు? ఇంకో అబద్ధమా?" కినుయో లేచి నిలబడింది. "పుల్ల ఎవరిదో చెప్పకపోతే ఆ పురుగు నా పొట్టలోనే ఉండిపోతుంది. నాకది అక్కర్లేదు. ఉద్యోగం పోతే పోయింది. పద. ముందు నువ్వు చెప్పు, తర్వాత నేను చెబుతా. వరస మారిస్తే ఊరుకోను."

వరస మార్చలేదు. ఆఫీసులో ఇగరాషి ఫోను పక్కన పెట్టి ఇద్దరి మాటా విన్నది. మధ్యలో ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. అంతా అయ్యాక నుదురు రుద్దుకుంది.

"ఒకరేమో తప్పు చదివారు. ఒకరేమో తప్పు పంపారు. మధ్యలో నా పిల్లలు పాలకూర తింటున్నారు." కినుయో వైపు తిరిగింది. "మీ సొంత శాంపిల్ వచ్చి, ఫలితం తేలేదాకా వంటగదిలోకి రావద్దు. తర్వాతి సంగతి పైవాళ్ళు తేలుస్తారు. నేనైతే ఏప్రిల్ సంగతి కూడా చెబుతా, లేకపోతే మీరెందుకు ఇలా చేశారో వాళ్ళకి అర్థం కాదు." సవాకో వైపు చూడకుండానే అంది. "మీరు మీ ల్యాబుకి వెళ్ళండి. అక్కడా ఇదే చెప్పండి."

*

అకుత్సు ఆ వారం ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆరోగ్య కార్యాలయం నుంచి మనుషులు వచ్చి వెళ్ళారు. ఇకమీదట ప్రతి గొట్టాన్నీ ఇద్దరు కలిసి చూడాలని చెప్పి వెళ్ళారు. కొత్త మనిషి దొరికేదాకా సవాకోను ఉంచుతారని తెలిసింది. ఆ తర్వాతి మాట ఎవరూ అనలేదు, ఆమె అడగలేదు.

కినుయో సొంత శాంపిల్ వచ్చింది. ప్లేటు మీద మళ్ళీ నల్ల చుక్క లేచింది.

భర్త నుంచి భార్యకి పాకి ఉండొచ్చు. ఒకే ఇల్లు, ఒకే సింకు. సవాకో నల్ల చుక్కను సూదితో తాకి ఊదా గొట్టంలో దించి, వెచ్చని పెట్టెలో పెట్టింది. సాయంత్రానికి పసుపయింది. అదే పసుపు. భోజన కేంద్రం నుంచి ఫోను వచ్చింది.

"ఏమైంది?" అంది ఇగరాషి.

"ఇంకా తెలియదు."

"రంగు రాలేదా?"

"వచ్చింది. కానీ అది లెక్కలోకి రాదు. రేపు చెబుతాను."

"ఇలా ఆగడం మీకు ముందే తెలిసుంటే బాగుండేది," అని ఫోను పెట్టేసింది.

పొద్దున పెట్టె తలుపు తీసేముందు సవాకో అకుత్సును పిలిచింది. ఆయన వచ్చి, ఆమెను చూడకుండా, గొట్టాన్ని మాత్రమే చూశాడు.

"పసుపు," అన్నాడు.

"పసుపు," అంది సవాకో.

"అప్పుడున్నదే ఇది. ఏప్రిల్‌ది."

"అదే. ఎప్పుడూ ఆవిడలోనే ఉంది, ఎవర్నీ ఏమీ అనకుండా."

అకుత్సు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. తుడిచిందే మళ్ళీ తుడిచి, తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

ఆ మధ్యాహ్నం కినుయో ల్యాబు కిటికీ దగ్గరికి గొడుగు మడుచుకుంటూ వచ్చింది. ఒక చిన్న సంచి లోపలికి తోసింది. "మా ఆయనది. ఈసారి నిజంగా ఆయనదే, పేరు కూడా ఆయనే రాశాడు. తాబేళ్ళని పెరట్లోకి తోలేశాను. అలిగి నాతో మాట్లాడ్డం లేదు."

"పిన్నీ, మీ ఫలితం వచ్చింది. ఏమీ లేదు. అప్పుడూ ఏమీ లేదు."

కినుయో ముఖంలో ఏదో సడలింది. అయినా కిటికీ గట్టు మీద నుంచి చెయ్యి తీసేసింది. "సంతోషం. కానీ అది నా చెవిలో చెబితే ఏం లాభం? ఏప్రిల్ సంగతి నాకు ఆ రోజే చెప్పావుగా. తెలియంది ఊళ్ళోవాళ్ళకి." గొడుగు విప్పింది. "నేను కూరలకి వెళ్తున్నా."

క్షమించానని అనలేదు. రమ్మని కూడా అనలేదు.

సవాకో తెల్ల కోటు విప్పి కొక్కేనికి తగిలించింది. వీధి చివర సూపర్‌మార్కెట్‌కి వెళ్ళేసరికి కినుయో బుట్టతో లైనులో నిలబడి ఉంది. ఆమె వెనక, ఎప్పటిలాగే, ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంది. ఆ ఖాళీకి ఇవతల, చేపల కొట్టు ఆవిడా, పోస్టాఫీసు ఆయన భార్యా, ఇంకా తనకు తెలిసిన ముఖాలు ఉన్నాయి.

సవాకో వాళ్ళని దాటుకుని వెళ్ళి ఆ ఖాళీలో నిలబడింది. కినుయో వెనక్కి తిరగలేదు. కానీ బుట్టను కాస్త ముందుకు జరిపి చోటిచ్చింది.

సవాకో వెనక్కి తిరిగి, చేపల కొట్టు ఆవిడ కళ్ళలోకి చూసింది. ఆవిడ చూపు తప్పించబోయింది.

"ఒక్కమాట వినండి," అంది సవాకో. గొంతు చీలింది. గల్లాపెట్టె మీటల చప్పుడు ఆగింది. ఆమె ఊపిరి తీసుకుని, ఈసారి చివరి మనిషికి కూడా వినబడేలా మళ్ళీ మొదలుపెట్టింది. "నేను ల్యాబులో పనిచేస్తాను. ఏప్రిల్‌లో కినుయో గారి గురించి మీకు తెలిసింది నా నోటి నుంచి వచ్చిందే. అది తప్పు."